మూడుసార్లు విప్పిన కార్బురేటర్: పాత పంపుసెట్టుతో నా అనుభవం

ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున మాకున్న కొద్దిపాటి కూరగాయల మడులకు నీరు తోడేది, పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కు మార్చే పాతకాలపు చిన్న ఇంజను. రేషను నీలి కిరోసిన్ దొరకడం కష్టమయ్యాక దాన్ని పూర్తిగా పెట్రోలు మీదనే నడుపుతున్నాము. వర్షాకాలమంతా ట్యాంకులో పెట్రోలుతోనే పాకలో వదిలేసి, కార్తీకంలో వంకాయ నారు నాటిన మర్నాడు తాడు లాగితే అది పలకలేదు.

ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ బాగానే వస్తోంది గాని, అంతసేపు తాడు లాగినా ప్లగ్గు మొన పొడిగానే ఉంది. అంటే పెట్రోలు సిలిండరు దాకా చేరడం లేదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ కింది గిన్నె ఊడదీస్తే అడుగున ఉప్పులాంటి తెల్లటి పొడి, దాని మీద బెల్లంపాకంలా జిగురు కనిపించాయి. ఇప్పుడు అమ్మే పెట్రోల్లో కలిసే 20 శాతం ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నెలల తరబడి నిలవ ఉంచితే ఇలా జరగడంలో వింత లేదు. పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కను, అంటే మెయిన్ జెట్టును, ఎండకెదురుగా పట్టి చూశాను, చుక్కంత వెలుగు కూడా రాలేదు. చాలామంది గుండుసూదితో పొడుస్తారు, కాని ఇత్తడి మెత్తన కనుక రంధ్రం పెద్దదైపోయి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నేను కరెంటు తీగలోని ఒక్క రాగి పోగుతోనే ఓపికగా శుభ్రం చేశాను.

పర్లాకిమిడిలో రిపేరు కిట్టు కొన్నాను. (అక్కడి కొట్లలో ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా జెట్టును జెట్టనే అంటారు, ఆ ఇబ్బంది లేదు.) గిన్నెలోకి పెట్రోలు వచ్చే దారిని మూసే నీడిల్ కొత్తది వేసి బిగించగానే ఇంజను స్టార్టయింది గాని, గిన్నె పక్క గొట్టంలోంచి పెట్రోలు ధారగా కారసాగింది. నీడిల్‌దే తప్పనుకుని దాన్ని అరగంట తిట్టుకున్నాను. చివరకు గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ నీడిల్‌ను పైకి నెట్టే బోలు ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే, ముదిరిన కొబ్బరికాయలో నీళ్లు కదిలినట్టు చప్పుడైంది. వేడినీళ్లలో ముంచగానే అతుకు దగ్గర సన్నటి బుడగలు వరుసగా లేచాయి. చిల్లు పడి బరువెక్కిన ఫ్లోటు పైకి తేలక నీడిల్‌ను మూయలేకపోతోందన్నమాట. లోపలి పెట్రోలు ఆవిరయ్యేదాకా రెండు రోజులు ఎండలో ఉంచి, ఆ తర్వాతే వీలైనంత పలచగా టంకం వేయించాను. టంకం మందమైతే ఫ్లోటు మళ్లీ బరువెక్కి, గిన్నెలో మట్టం పెరుగుతుంది.

కారడం ఆగింది గాని మూడో చిక్కు మొదలైంది. ఇంజను ఒక స్థాయిలో నిలబడక, ఉయ్యాల ఊగినట్టు వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంది. గాలి దారిని తగ్గించే చోకు సగం మూస్తే మాత్రం నిలకడగా నడుస్తోంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోందని అర్థమైంది గాని, ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించకుండా జెట్లనే మళ్లీ కడిగి ఒక రోజంతా వృథా చేసుకున్నాను.

చివరకు మహేంద్రతనయ నది దాటి, పాతపట్నంలో మా చిన్నాన్నకు తెలిసిన ముసలి మెకానిక్ దగ్గరకు ఇంజనునే ఆటోలో తీసుకెళ్లాను. ఆయన మొదట కార్బురేటర్ జోలికే పోలేదు. ఇంజను నడుస్తుండగా, కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న అతుకు చుట్టూ కుంచెతో సబ్బునురగ పూశారు. ఒక మూల నురగ చటుక్కున లోపలికి పోయి, ఇంజను శబ్దం మారింది. "ఇది పెట్రోలు తాగట్లేదు బాబూ, గాలి తాగుతోంది" అన్నారు.

విప్పితే, అతుకులోంచి గాలి చొరకుండా వేసే పాత ప్యాకింగ్ బయటపడింది. కిట్టులో ఆ సైజుది లేకపోవడంతో నేను పాతదాన్నే తిరిగి వేశాను. అది ఎవరో శుభలేఖ అట్టతో కత్తిరించినది, దాని అంచున "చి.ల.సౌ." అన్న గులాబీ అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. పైగా అతిగా బిగించడం వల్ల నట్లు బిగించే కార్బురేటర్ చెవులు రెండూ కాస్త వంగాయి. ఆయన అద్దం మీద గరుకు కాగితం పరిచి, ఆ ముఖాన్ని అంతటా ఒకే మెరుపు వచ్చేదాకా అరగదీసి, అసలైన ప్యాకింగ్ వేసి రెండు నట్లనూ మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించారు. తక్కువ వేగంలో గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే పైలట్ స్క్రూను నెమ్మదిగా పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పగానే, ఇంజను ఒకే గొంతుతో పాడింది.

ఇప్పుడు నీరు పెట్టడం అయిపోగానే పెట్రోలు కుళాయి మూసి, గిన్నె ఖాళీ అయి ఇంజను తనంతట తానే ఆగేదాకా నడుపుతున్నాను. మిగిలిన పెట్రోలు మా తమ్ముడి బండిలో పోస్తున్నాను.