తోటకూర కట్టలు, నర్సమ్మ సంచి

ఈ శనివారం కూడా తోటకూర కోసం న్యూయార్క్‌లో మన్‌హాటన్ చైనాటౌన్‌కి వెళ్లాను. రెండు కట్టలు కొనేసరికి చేతిలో ఇంకా టైముంది. హెన్రీ స్ట్రీట్ దగ్గరే కదా అని నడిచాను. 265 నంబరు, పాత ఎర్ర ఇటుకల ఇల్లు. అటుగా ఎన్నిసార్లు పోయానో, ఆగింది మాత్రం ఇవాళే.

లిలియన్ వాల్డ్ అనే నర్సు ఉన్న ఇల్లది. 1893లో ఈ పేటలో, వలసొచ్చిన ఆడవాళ్లకి ఇంట్లో రోగిని చూసుకోవడం నేర్పే క్లాసు చెబుతుంటే, ఓ చిన్నపిల్ల వచ్చి అమ్మ కోసం రమ్మంది. వెళ్లి చూస్తే, రెండు రోజుల కిందటి రక్తంతో తడిసిన పక్క మీదే పడుకుని ఉంది ఆ తల్లి. వాల్డ్ డాక్టరు చదువు వదిలేసి, రోగుల ఇళ్లకే వెళ్లి చూసుకోవడానికి స్నేహితురాలు మేరీ బ్రూస్టర్‌తో ఈ పేటకే మకాం మార్చేసింది. 1895లో బ్యాంకరు జేకబ్ షిఫ్ ఈ ఇల్లు కొనిచ్చాడు. ఆయనకి నెలనెలా రిపోర్టు రాయాలి. 'పబ్లిక్ హెల్త్ నర్స్' అన్న పేరు కూడా ఈవిడ పెట్టిందే.

జాలి చాలామందికి ఉంటుంది. నాకు నచ్చింది ఈవిడ లెక్క. అప్పట్లో కళ్లకలకో తామరో ఉంటే బడిలో డాక్టరు పిల్లల్ని ఇంటికి పంపేసేవాడు, అంతే. మందు వేసే దిక్కు లేదు. సాయంత్రం ఆ పిల్లలే వీధిలో మిగతావాళ్లతో ఆడుకునేవాళ్లు. 1902లో లీనా రోజర్స్ అనే తన నర్సుని నెల రోజులు బళ్లకి పంపి చూడమంది. మందు బళ్లోనే వేయడం, ఇంటికెళ్లి తల్లికి చెప్పడం, ఇదే పని. ఆ నెల చూశాక నగరమే జీతమిచ్చి బడి నర్సుల్ని పెట్టుకుంది. 1902 సెప్టెంబరులో అలా ఇంటికి పంపేసిన పిల్లలు 10,567 మంది, మరుసటి సెప్టెంబరులో 1,101.

రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మ ముప్పై ఏళ్లు ఏఎన్ఎం. వానాకాలంలో వ్యాక్సిన్ డబ్బా నెత్తిన పెట్టుకుని కాలవ దాటి వచ్చి, అన్నం తిన్నాక రిజిస్టర్లు ముందేసుకునేది. గర్భిణులకో రిజిస్టరు, టీకాలకో రిజిస్టరు. నిద్రలో కూడా అంకెలు పలికేది పాపం.

హెన్రీ స్ట్రీట్ నర్సు ఫొటో ఒకటి చూపించాను. మెట్లు దిగి మళ్లీ ఎక్కే బాధ లేకుండా, సంచి పట్టుకుని ఒక మేడ మీంచి పక్క మేడ మీదకి దాటుతోంది.

"డాబాల మీంచా? చీరతో అయితే మన వల్ల కాదమ్మా," అంది అమ్మ. కాసేపాగి, "రిపోర్టు ఎన్నాళ్లకోసారి అన్నావు?"

"నెలకోసారి."

"ఒక్క మనిషికేనా?"

"ఆఁ, ఆ షిఫ్‌కే."

"అదృష్టవంతురాలు," అంది.