పది అంకెలు

పాపకు ఆదాయ సర్టిఫికెట్ కావాలని మీసేవకు వెళ్లాం. కౌంటర్‌లో అబ్బాయి ఆధార్ నంబర్ అడిగితే టకటకా చెప్పేశాను. "అన్నా, రెండు అంకెలు తక్కువున్నయ్" అన్నాడు. మళ్లీ అవే చెప్పాను. వెనక నిలబడ్డ పెద్దాయన "సొంత నంబర్ సుత తెల్వదాయె" అని విసుక్కున్నాడు. అప్పుడు వెలిగింది. నేను చెప్తున్నది రియాద్‌లో నా ఇఖామా (అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు) నంబర్.

ఆ పెద్దాయనకు ఏమని చెప్పను? అక్కడ నేను హౌస్ డ్రైవర్‌ని. జేబులో ఇఖామా లేకుండా రొట్టెల కోసం కూడా గేటు దాటను. ఒకసారి చొక్కా మార్చుకుని, కార్డు మరిచిపోయి బండి తీశాను. చెకింగ్‌లో ఆపారు. కాళ్లు వణికాయి గానీ నంబర్ మాత్రం నోటికొచ్చింది. పోలీసు దాన్ని ఫోన్‌లో కొట్టి, ఫొటోనూ నా మొహాన్నీ రెండుసార్లు చూసి, "యల్లా, రూహ్" (సరే, పో) అన్నాడు. ఆయన తలుచుకుంటే ఆ రాత్రి లోపలే ఉండేవాణ్ణి.

దొంగల భయమా? అది అక్కడ లేదు. అర్ధరాత్రి జీతం జేబులో పెట్టుకుని నడిచొచ్చాను. మా ఊరి బస్టాండ్ నుంచి అలా రాగలనా? ఈ మాట ఇక్కడ అందరితో గట్టిగానే అంటాను. నా భయమంతా ఆ కార్డు గురించే. కఫీల్‌కు (నన్ను వీసా మీద తెప్పించుకున్న యజమానికి) కోపమొచ్చి 'హురూబ్' పెడితే, అంటే పనివాడు పారిపోయాడని ఎక్కిస్తే, నన్ను కాపాడిన ఆ నంబరే నన్ను పట్టిస్తుంది.

2021 మార్చిలో రూల్ మారింది, కఫీల్‌ను అడగకుండానే ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే ఊరికి పోయి తిరిగొచ్చే పర్మిషన్, తీసుకోవచ్చన్నారు. కంపెనీలో చేసే మా ఊరి తమ్ముడు ఆ శుక్రవారం రూమ్‌లో బిర్యానీ చేశాడు. తింటుండగా ఎవరో చెప్పారు: ఇంటి పనివాళ్లకు, హౌస్ డ్రైవర్లకు, గొర్లకాపరులకు అది వర్తించదట. బిర్యానీ మాత్రం బాగుంది.

మా కఫీల్ చెడ్డోడు కాదు. రెండు నెలల రీఎంట్రీకి 200 రియాళ్లూ ఆయనే కట్టాడు. కాకపోతే ఆరు నెలలు అడిగించుకున్నాడు.

చివరికి మా ఆవిడ సంచిలోంచి నా ఆధార్ తీసి ఇచ్చింది. అక్కడేమీ అనలేదు. బండి మీద వస్తుంటే మెల్లగా అడిగింది: "గా పది అంకెలు ఎవరి ఫోన్ నంబర్?"

రెండుతో మొదలయ్యే సెల్ నంబర్ ఉండదని ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను.