కొత్త ప్లాస్టర్, మొండి పీహెచ్: మా పూల్ నీళ్లతో నా అనుభవం

ఆరిజోనాలో పాత ఇల్లు కొంటే దాంతోపాటు పాత స్విమ్మింగ్ పూల్ కూడా మన నెత్తిన పడుతుంది. ఫీనిక్స్ దగ్గరున్న చాండ్లర్‌లో మేము కొన్న ఇంటి వెనక ఉన్నది 15,000 గ్యాలన్లది. మెట్ల మీద ప్లాస్టర్ ఎంత గరుకుదేలిందంటే పిల్లల మోకాళ్లు, పాదాలు గీరుకుపోయేవి. లోతు వైపు తెల్ల పొర పూర్తిగా అరిగి, కింది బూడిదరంగు బయటికొచ్చింది. సిమెంటులో చిన్న గులకరాళ్లు కలిపి వేసే పెబుల్ ఫినిష్ ఎక్కువ కాలం మన్నుతుందని అందరూ చెప్పారు గానీ, దాని ధర విన్నాక మామూలు తెల్ల ప్లాస్టర్‌కే మొగ్గాం. అంటే తెల్ల పోర్ట్‌లాండ్ సిమెంటు, పాలరాతి పొడి, నీళ్లు. అంతే.

పని ఎండాకాలం పోయాకే పెట్టుకున్నాం. 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో పైపొర ముందే ఆరిపోయి సన్నటి పగుళ్లు వస్తాయని మేస్త్రీ కూడా అదే మాట అన్నాడు. పాత నీళ్లను వీధిలోకి వదలకూడదు. ఇంటి ముందు డ్రైనేజీ పైపుకి ఉండే క్లీనౌట్ మూత తీసి, పంపుతో అందులోకి తోడారు. పాత ప్లాస్టర్ చెక్కడానికి రెండు రోజులు. కొత్తది వేయడం మాత్రం ఒక్క పూటలో ముగిసింది. అడుగున ముళ్లున్న బూట్లు వేసుకుని తడి ప్లాస్టర్ మీద నడుస్తూ తాపీ తిప్పుతుంటే చూడటానికి ముచ్చటేసింది. మధ్యాహ్నానికల్లా లోతైన చోట రెండు హోసులు వేసి, వాటి మూతులకి గుడ్డలు చుట్టి, నీళ్లు వదిలేశారు. గుడ్డ లేకపోతే ధార పడ్డ చోట ప్లాస్టర్ గుంట పడుతుంది. ఒకసారి వదిలాక నిండేదాకా ఆపకూడదు. ఆపితే ఆగిన మట్టం దగ్గర గీత పడి, అది ఇక పోదు. అందుకే ఆ రాత్రి ఇంట్లో అందరం గిన్నెలు తోమకుండా, బట్టలు ఉతక్కుండా ఉన్నాం. కుళాయి ఒత్తిడి మొత్తం పూల్‌కే.

ఇక్కడొక మాట చెప్పాలి. ఫీనిక్స్ ప్రాంతంలో చాలా ఇళ్లకి వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటుంది. బయటి కుళాయికి వచ్చే నీళ్లు సాఫ్ట్‌నర్‌కి ముందునుంచి వస్తున్నాయా, తర్వాతా అన్నది పూల్ నింపే ముందే చూసుకోవాలి. సాఫ్ట్‌నర్ నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు. అలాంటి నీళ్లు తమకి కావలసిన కాల్షియాన్ని కొత్త ప్లాస్టర్ నుంచే పీల్చుకుంటాయి. నేను హోసు నీళ్లు ఒక గ్లాసు పట్టి కొలిస్తే కాల్షియం 240 పీపీఎం (పది లక్షల పాళ్లలో 240) వచ్చింది. ఇవి కొలరాడో, సాల్ట్ నదుల నీళ్లు. మామూలు రోజుల్లో షవర్ గాజు మీద తెల్ల మచ్చలు పెట్టి విసిగిస్తాయి గానీ, కొత్త ప్లాస్టర్‌కి మాత్రం ఇవే మంచివి.

పూల్ నిండిన పొద్దున పంపు వేసి, నీళ్లు బాగా కలిశాక పీహెచ్ (నీళ్లలో ఆమ్ల గుణం ఎంత, క్షార గుణం ఎంత అని చెప్పే అంకె) చూశాను. నా దగ్గరున్నది టేలర్ వాళ్ల కె-2006 కిట్, చుక్కలు వేసి కొలిచేది. ఫినాల్ రెడ్ చుక్కలు పడగానే గొట్టంలో నీళ్లు ముదురు గులాబీ రంగుకి తిరిగాయి. రంగు పోల్చి చూసే పట్టీ 8.0 దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించి 8.3 అయినా 8.8 అయినా కంటికి ఒకటే గులాబీ. కొత్త ప్లాస్టర్ ఉన్నన్నాళ్లూ ఈ ఇబ్బంది తప్పదు. అందుకని కాస్త యాసిడ్ వేసి, కలిశాక మళ్లీ కొలిచి, రంగు పట్టీలోకి దిగేదాకా కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాల్సిందే.

పీహెచ్ ఎందుకు అంత మొండిగా పైకి పోతుందో అర్థమైతే సగం బెంగ తీరుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. అంటే మనం గోడలకి కొట్టే తడి సున్నమే. అందులో కొంత నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో ఉన్న బైకార్బనేట్ దాన్ని పట్టుకుని కాల్షియం కార్బనేట్‌గా మారుస్తుంది. అదే అడుగున కనిపించే తెల్ల పొడి. ఇక్కడ అందరూ ప్లాస్టర్ డస్ట్ అనేది దీన్నే. సిమెంటు సత్తువ పుంజుకునే మొదటి 28 రోజుల్లో ఇది జోరుగా సాగుతుంది, మొదటి వారం మరీను. ఇది కాక, కుళాయి నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయినకొద్దీ కూడా పీహెచ్ పెరుగుతుంది. మా పూల్‌కి చిన్న జలపాతం లాంటిది ఉంది. నీళ్లు చిలికినకొద్దీ ఆ గ్యాస్ ఇంకా త్వరగా పోతుంది కాబట్టి ఆ నెలంతా దాన్ని కట్టేశాను. పిల్లలు అలిగారు.

మా మామయ్యగారు అప్పుడు గుంటూరు నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. ఇదంతా ఆయనకి నేను రసాయన శాస్త్రంలో వివరిస్తుంటే, ఆయన సగంలోనే అందుకున్నారు. "కొత్త స్లాబుకి మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టడమేగా అల్లుడుగారూ. కాకపోతే అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు, ఇక్కడ అవే ముఖ్యమంటున్నారు."

సరిగ్గా అదే. ఆ నెల రోజులూ నీళ్లని ఈత కోసం కాదు, ప్లాస్టర్ కోసం సరిచూడాలి. నీళ్లు ఆకలిగా ఉంటే సున్నాన్ని తింటాయి, ఉపరితలం గరుకెక్కుతుంది. మరీ నిండుగా ఉంటే ఉన్న కాల్షియాన్ని గోడల మీద కక్కుతాయి. ఈ ఆకలిని లెక్కగట్టడానికి లాంజెలియర్ సూచిక ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లాంజెలియర్ 1936లో, నీటి పైపుల్లో పొర కట్టడాన్ని అంచనా వేయడానికి చేసిన లెక్క అది. పూల్ వాళ్లు దాన్ని పట్టికగా కుదించుకున్నారు. నీళ్లు 66 డిగ్రీలుంటే 0.5, కాల్షియం 250 అయితే 2.0, ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బనేట్ లాంటివాటి మోతాదు) 100 అయితే 2.0. వీటికి పీహెచ్ కలిపి 12.1 తీసేయాలి. పీహెచ్ 7.6 అయితే జవాబు సున్నా, అంటే నీళ్లు తినవు, కక్కవు. అదే పీహెచ్ 8.2 అయితే జవాబు ప్లస్ 0.6. పొడి రాలుతుంది. మైనస్ 0.3 నుంచి ప్లస్ 0.3 మధ్య ఉంటే నాకు చాలు. ఈ పట్టిక చేతిలో ఉంటే ఒక్కో అంకెని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. చలికి నీళ్లు 53 డిగ్రీలకి దిగాయనుకోండి, ఉష్ణోగ్రత అంకె 0.3 అవుతుంది. అప్పుడు పీహెచ్ 7.8 ఉన్నా సూచిక సున్నాలోనే ఉంటుంది. దాన్ని పట్టుబట్టి 7.4కి దించడం ప్లాస్టర్‌కే చేటు.

ఇంతకీ యాసిడ్ అంటే మ్యూరియాటిక్ యాసిడ్, మన ఊళ్లలో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ లాంటిదే గానీ ఘాటైనది. డబ్బా మీద 31.45 శాతం అని ఉంటుంది. ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) పోస్తే మా పూల్‌లో ఆల్కలినిటీ కూడా సుమారు 8 పీపీఎం తగ్గుతుంది. అందుకే ఒకేసారి గుప్పించకుండా సాయంత్రం సాయంత్రం క్వార్టు లోపే వేసేవాణ్ణి. బకెట్‌లో ముందు పూల్ నీళ్లు నింపి, దాంట్లోకి యాసిడ్ ఒంపాలి. తిరగేసి చేయకూడదు. పంపు నడుస్తుండగా, లోతు వైపు, ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ ధార ముందు మెల్లగా పోయాలి. గోడ వెంట పోస్తే యాసిడ్ బరువుకి కిందికి దిగి కొత్త ప్లాస్టర్‌ని అక్కడికక్కడే కొరుకుతుంది. కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. గాలి మన వీపు వైపు నుంచి వీస్తున్నప్పుడే మూత తీయాలి. క్లోరిన్ ఉన్న దరిదాపుల్లో యాసిడ్ డబ్బా పెట్టనే పెట్టొద్దు. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

కావాలనే పీహెచ్ బాగా కిందికి దించి కొన్నాళ్లు అలాగే ఉంచే పద్ధతి కూడా ఒకటుంది. పొడి త్వరగా కరిగి పూల్ వెంటనే తళతళలాడుతుంది. నాకది నచ్చలేదు. పొడి కరిగించే నీళ్లు దాని కిందున్న పైపొరని మాత్రం ఎందుకు వదులుతాయి?

పక్క వీధిలో ఉన్న పూల్ సామాన్ల కొట్లో ఉచితంగా నీళ్లు పరీక్షిస్తారు. సీసాలో నీళ్లు పట్టుకెళ్లాను. కంప్యూటర్ నుంచి వచ్చిన కాగితంలో ఆల్కలినిటీ పెంచడానికి బేకింగ్ సోడా, పీహెచ్ తగ్గించడానికి యాసిడ్, కాల్షియం పెంచే సంచీ, ఆల్గే మందు, క్లోరిన్ షాక్, అన్నీ ఉన్నాయి. ప్లాస్టర్ కొత్తదని చెప్పినా కాగితం మారలేదు. నా కిట్‌లో కాల్షియం చుక్కలు లెక్కపెడితే పెంచాల్సిన అవసరమే లేదు. నీళ్ల రంగు ఎరుపు నుంచి నీలానికి తిరిగేదాకా చుక్కలు లెక్కపెట్టుకోవడం ఎవరికైనా వచ్చు. ఆ కాగితం ఫ్రిజ్ మీద చాలా రోజులు ఉంది, పాల చీటీ రాసుకోవడానికి.

నిజానికి మందుల కంటే ఎక్కువ పని చేసింది బ్రష్షు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మొదటి రెండు వారాలూ గోడలు, మెట్లు, అడుగు మొత్తం రుద్దాలి. నైలాన్ బ్రష్షే వాడాలి, స్టీలు తీగలది కొత్త ప్లాస్టర్‌ని గీకేస్తుంది. మొదటి రోజు రుద్దుతుంటే నీళ్లలోకి పాలు పోసినట్టు తెల్లటి మబ్బు లేచింది. ఆ పొడిని లేపకపోతే అక్కడే అతుక్కుని గట్టిపడి, మళ్లీ పాత గరుకే తయారవుతుంది. లేపితే ఫిల్టర్ లాగేసుకుంటుంది. మాది కార్ట్రిడ్జ్ ఫిల్టర్. గేజ్ మీద ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటి కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరగగానే తీసి హోసుతో కడగాలి. పొద్దుటి బ్రష్షు మామయ్యగారు తీసుకున్నారు. కాఫీ తాగి, లుంగీ పైకి మడిచి, లోతు వైపు నుంచి మొదలెట్టేవారు. అడుగు మీద చక్రాలతో తిరిగే రోబో మాకు ఉంది గానీ, కనీసం 14 రోజులు దాన్ని దించొద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. మెత్తటి ప్లాస్టర్ మీద చక్రాల చారలు శాశ్వతంగా మిగులుతాయట. మామయ్యగారికి అది సంతోషమే. "ఆ మరకి పని లేకపోతే నాకుంటుంది" అనేవారు.

మొదటి మూడు రోజులూ క్లోరిన్ వేయలేదు. పనివాళ్లు ముందే వేసిన సీక్వెస్ట్రెంట్ ఒక్కటే ఉంది. నీళ్లలో ఇనుము, రాగి లాంటివి ఉంటే తెల్ల ప్లాస్టర్ మీద మరకై కూర్చోకుండా అది పట్టుకుంటుంది. నాలుగో రోజు నుంచి ద్రవ క్లోరిన్, అదీ బకెట్ నీళ్లలో కలిపి. ట్రైక్లోర్ అనే మూడంగుళాల క్లోరిన్ బిళ్లలు ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి గానీ అవి బాగా ఆమ్ల గుణం ఉన్నవి. ఒక బిళ్ల జారి కొత్త అడుగు మీద పడితే గుండ్రటి మచ్చే. కాల్షియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ పొడి కూడా వద్దనుకున్నాను, ఉన్న కాల్షియం చాలదన్నట్టు ఇంకా కలుపుతుంది కాబట్టి. ఆరిజోనా ఎండకి రక్షణ లేని క్లోరిన్ సాయంత్రానికి మిగలదు. ఆ రక్షణ సయనూరిక్ యాసిడ్. అది కరగడానికి బాగా మొరాయిస్తుంది. గుళికలు ప్లాస్టర్ మీద పడకుండా పాత మేజోడులో పోసి రిటర్న్ ముందు వేలాడదీసి, మధ్యమధ్యలో పిసుకుతూ పోయాను. 30 పీపీఎం దాకా తెచ్చి ఆపాను.

రెండో వారం దాటేసరికి యాసిడ్ అవసరం ఎడంగా పడటం మొదలైంది. బ్రష్షు వేస్తే మబ్బు లేవడం మానేసింది. ఒకచోట మెట్ల దగ్గర బూడిదరంగు ఛాయలు కనిపిస్తే మేస్త్రీకి ఫోటో పంపాను. సిమెంటు ఒక్కోచోట ఒక్కో వేగంతో ఆరడం వల్ల అలా వస్తాయని, చాలావరకు నెలల్లో తేలికపడతాయని, యాసిడ్‌తో కడగొద్దని చెప్పాడు. తేలికపడ్డాయి గానీ, ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఇంకా కనిపిస్తాయి.

28 రోజులు గడిచాకే ఉప్పు. మాది సాల్ట్ జనరేటర్, అంటే ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉన్న పూల్. ఆ తయారీదారు అడిగేది 3,200 పీపీఎం. 15,000 గ్యాలన్లకి లెక్క కడితే 400 పౌండ్లు, అంటే 40 పౌండ్ల సంచులు పది. అయితే మా కుళాయి నీళ్లలో ముందే కొంత ఉప్పు ఉంటుంది. కాబట్టి ఎనిమిది సంచులే పోసి, అడుగున కుప్పగా ఉండనీయకుండా బ్రష్షుతో కదుపుతూ కరిగించి, మర్నాడు కొలిచాను. ఇంకో సంచితో సరిపోయింది. జనరేటర్ నడిస్తే బుడగల వల్ల పీహెచ్ మళ్లీ ఎగబాకుతుంది. అందుకని ఆల్కలినిటీని 70 దగ్గర ఉంచుతున్నాను. ఇప్పుడు వారానికోసారి అరక్వార్టు యాసిడ్‌తో గడిచిపోతోంది. ఇక చూసుకోవాల్సింది కాల్షియం. ఇక్కడి ఎండకి నీళ్లు ఆవిరైపోతాయి, కాల్షియం పోదు, దాని స్థానంలో హోసు నుంచి మళ్లీ కాల్షియం నీళ్లే వస్తాయి. మొన్న కొలిస్తే 310 ఉంది.