కార్మెల్ నది కింద నీళ్లు తోడిందెవరు, బిల్లు కట్టిందెవరు

కరువు వచ్చిందంటే ముందు మన స్నానాల మీదే పడతారు. మొక్కలకు పొయ్యొద్దు, కారు కడగొద్దు అంటారు. తప్పేం లేదు, పాటించాల్సిందే, కానీ నేల కింది నుంచి పెద్దఎత్తున తోడే కంపెనీని కూడా అంతే గట్టిగా అడగాలి కదా. కాలిఫోర్నియాలోని మాంటెరే సంగతి చదివినప్పటి నుంచి నాకు ఇదే కోపం.

అక్కడ ఇంటింటికీ నీళ్లిచ్చేది కాలిఫోర్నియా అమెరికన్ వాటర్ అనే ప్రైవేటు కంపెనీ. కార్మెల్ నది లోయలో బోర్లు వేసి ఏళ్ల తరబడి తోడింది. 1995లో రాష్ట్ర జలవనరుల బోర్డు తేల్చిందేమంటే, దానికి చట్టప్రకారం హక్కున్నది ఏడాదికి 3,376 ఎకరా అడుగులు, తోడుతున్నది దాదాపు 14,106. ఎకరా అడుగంటే 12 లక్షల లీటర్ల పైమాటే, కాబట్టి ఎంత నీళ్లో మీరే లెక్కేసుకోండి.

ఇంకో విషయం. అప్పట్లో కాలిఫోర్నియాలో మామూలు భూగర్భజలం తోడటానికి రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు, దానికంటూ రాష్ట్రమంతటికీ చట్టం వచ్చిందే 2014లో. అయినా బోర్డు వదల్లేదు. ఆ బోర్లలోకి వచ్చేది నది అడుగున పారే నీరే, అది నదిలో భాగమే, కాబట్టి పర్మిట్ కావాల్సిందే అని చెప్పింది. బోర్లు తోడేకొద్దీ వేసవిలో నది ఎండిపోయి, సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే స్టీల్‌హెడ్ చేపల పిల్లలు గుంటల్లో చిక్కుకుపోయేవి. నేల పైన నీళ్లు, కింద నీళ్లు వేరు కాదని ప్రభుత్వ కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కానీ ఆ తర్వాత? హక్కుకు మించి తోడటం ఆపమని 2009లో బోర్డు ఉత్తర్వు, 2016 చివరి దాకా గడువు, అది చాలక 2021 చివరి దాకా పొడిగింపు. ఈలోగా కొత్త కనెక్షన్లు బంద్, దాంతో ఇల్లు కట్టుకోవాలన్నా కష్టమే. జనం ఎంత పొదుపు చేశారంటే రాష్ట్రంలోనే తక్కువ వాడే ఊళ్లలో వాళ్లదొకటి. వాడకం తగ్గి కంపెనీ రాబడి పడిపోతే, ఆ లోటును నియంత్రణ సంస్థ అనుమతితో సర్‌చార్జీగా వాళ్ల బిల్లుల మీదే వేశారు. పొదుపు చేసినవాడి దగ్గరే మళ్లీ వసూలు చేస్తే ఇంకెవరు పొదుపు చేస్తారు?

విసిగిపోయిన జనం 2018లో ఓటేసి, కుదిరితే ఈ వ్యవస్థను ప్రజల చేతికి తీసుకోమని స్థానిక నీటి సంస్థకు చెప్పారు. 2023 డిసెంబరులో ఆ వ్యవస్థను స్వాధీనం చేసుకోవడానికి ఆ సంస్థ కోర్టుకెళ్లింది.

నా మటుకు నాకు, యజమాని ఎవరైనా రెండు పనులు జరగాలి. ఏ బోరు నెలకెంత తోడిందో, పైపుల్లో ఎంత కారిపోయిందో అందరికీ కనిపించేలా పెట్టాలి. హక్కుకు మించి తోడితే పడే జరిమానా వాటాదారుల లాభంలోంచే పోవాలి, బిల్లు కట్టేవాళ్ల మీద ఒక్క సెంటు కూడా వెయ్యకూడదు.