రెక్క మడిచే విమానం

పాత హార్డ్‌డిస్క్ సర్దుతుంటే 2024 జనవరిలో బేగంపేటలో తీసిన ఫోటోలు దొరికాయి, ఇంక పని ఆగిపోయింది. వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శనకి బోయింగ్ 777-9 వచ్చింది కదా అప్పుడు, మా బావమరిదిని కూడా లాక్కెళ్లా, వాడేమో "ఏంది బావా, విమానాలు ఎప్పుడూ చూడనట్టు" అని ఎండలో ఒకటే గోల. నాకు కావాల్సింది మొత్తం విమానం కాదురా, రెక్క చివర! అక్కడ కీలు ఉంటది, నేల మీదున్నప్పుడు చివరి ముక్క పైకి మడుచుకుంటది. విప్పితే ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 72 మీటర్లు, మడిస్తే 65 లోపే, అంటే పాత 777లు ఆగే గేట్లలోనే ఇదీ పట్టేస్తది. రెక్క పొడుగైతే గాల్లో డ్రాగ్, అంటే వెనక్కి లాగే గాలి అడ్డు, తగ్గి ఫ్యూయెల్ మిగులుతది, కానీ పార్కింగ్ ఎట్లా మరి? మనం బైక్ అద్దాలు మడిచి సందులో దూర్చినట్టే, అంతే.

రన్‌వే వైపు తీసినవన్నీ వేస్ట్, వేడికి గాలి అల్లాడి నీళ్లలో తీసినట్టున్నాయి. ఒక్కటి మాత్రం సూపర్, ఆ కీలు దగ్గర సన్నటి గీత కూడా క్లియర్‌గా పడింది. కింద మూలన బావమరిది టోపీ. క్రాప్ చేయలేదు, ఉండనీ.