జానిస్ జాప్లిన్ ఊళ్ళ వెంట: పోర్ట్ ఆర్థర్ నుంచి స్టిన్సన్ బీచ్ దాకా

1966 జూన్ 10న శాన్‌ఫ్రాన్సిస్కోలోని అవలాన్ బాల్‌రూమ్‌లో 'బిగ్ బ్రదర్ అండ్ ద హోల్డింగ్ కంపెనీ' అనే రాక్ బృందంతో అమెరికన్ గాయని జానిస్ జాప్లిన్ మొదటిసారి పాడింది. 1970 అక్టోబరు 4న హాలీవుడ్‌లో చనిపోయింది. లెక్కేస్తే నాలుగేళ్ళ నాలుగు నెలలకు ఆరు రోజులు తక్కువ. బతికుండగా వచ్చిన ఆల్బమ్‌లు మూడే, నాలుగోది పోయిన మూడు నెలలకు వచ్చింది. ఇంత చిన్న ప్రయాణాన్ని నేల మీద వెతుక్కుంటూ పోతే మాత్రం ఆరు రోజులు పట్టింది: టెక్సాస్‌లో రెండు, కాలిఫోర్నియాలో నాలుగు.

చూడాల్సిన చోట్లలో లోపలికి వెళ్ళగలిగేవి చాలా తక్కువ. ఇళ్ళలో ఎవరో కాపురముంటున్నారు, క్లబ్బులు మూతపడ్డాయి, స్టూడియోలోకి పనిలేనివాళ్ళను రానివ్వరు. అందుకని ఫోన్‌లో పాటలు ముందే దించుకుని, ఏ ఊళ్ళో ఆ ఊరి కాలపు పాట వినేలా వరస కట్టుకున్నాం. ఆ వరస లేకపోతే ఈ యాత్రలో మిగిలేది గోడల ఫోటోలే.

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద తూర్పుగా బ్యూమాంట్ దాకా వెళ్ళి, అక్కడ 69వ నంబరు హైవే మీద దక్షిణానికి తిరిగితే పోర్ట్ ఆర్థర్. మొత్తం 90 మైళ్ళ పైచిలుకు, గంటన్నర దారి. శాకాహారులైతే హ్యూస్టన్‌లో మనవాళ్ళ దుకాణాలుండే హిల్‌క్రాఫ్ట్ దగ్గరే పులిహోర కట్టించుకుని బయల్దేరడం నయం. ఆ తీరంలో అన్నం మీద పోసిచ్చే గంబో చూడ్డానికి పులుసులాగే ఉంటుంది కానీ అందులో రొయ్యలో, కోడో, సాసేజో ఏదో ఒకటి ఉండి తీరుతుంది. ఆగస్టు, సెప్టెంబరు వద్దు: ఉక్క, పైగా తుఫాన్ల కాలం. జనవరి బావుంటుంది. జానిస్ పుట్టిందీ 1943 జనవరి 19న, ఈ ఊళ్ళోనే.

ఊరు కంటికి కనిపించేలోపే ముక్కుకు తెలుస్తుంది. 1901లో బ్యూమాంట్ పక్కన స్పిండిల్‌టాప్ దగ్గర నూనె ఎగజిమ్మినప్పటినుంచీ ఈ ప్రాంతం బతుకు రిఫైనరీలదే. జానిస్ తండ్రి సెత్ జాప్లిన్ టెక్సాకో చమురు కంపెనీలో ఇంజనీరు. పాత బజారైన ప్రాక్టర్ స్ట్రీట్‌లో చాలా భవనాలు ఖాళీగా, కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. ఆ వీధి కొసకు నడిస్తే తుఫాను గట్టు వస్తుంది. దానికి అవతల ఓడల కాలవ. గట్టు ఇవతల నేల పల్లంలో ఉంటుంది కాబట్టి, ఓడ వెళ్తుంటే నీళ్ళు కనబడవు. ఇళ్ళ కప్పుల వెనక ఓ ఇనుప మేడ నెమ్మదిగా పక్కకు జరిగిపోతున్నట్టుంటుంది. ఈ ఊళ్ళో పెరిగిన పిల్లకు ఎటైనా పోవాలని ఎందుకనిపించిందో ఆ గట్టు కింద ఐదు నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది.

ప్రాక్టర్ స్ట్రీట్‌లోనే మ్యూజియం ఆఫ్ ద గల్ఫ్ కోస్ట్ ఉంది. వేళలు చూసుకుని వెళ్ళాలి, రెండు గంటలు కేటాయించాలి. జానిస్ విభాగంలో అందరూ ఆగేది రంగుల పోర్షే కారు దగ్గర. అది నకలు. అసలుది 1964 నాటి 356 సి కన్వర్టిబుల్. 1968లో 3,500 డాలర్లకు పాతబండిగా కొని, తన బృందంలో సామాన్లు మోసే డేవ్ రిచర్డ్స్‌కు 500 డాలర్లిచ్చి ఒళ్ళంతా బొమ్మలు వేయించింది. 2015 డిసెంబరు వేలంలో అది 17.6 లక్షల డాలర్లు పలికింది. ఊరు ఆమెను ఒప్పుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1988 జనవరిలో కంచు శిల్పం ఆవిష్కరిస్తే 5,000 మంది వచ్చారు. చిన్నప్పటి ఇంటి ముందు చారిత్రక ఫలకం పెట్టింది 2008లో, ఆమె పుట్టినరోజు నాడు. ఆ ఇల్లు 32వ వీధిలో ఉంది. ఫలకాన్ని రోడ్డు మీదనుంచే చదువుకోవచ్చు, గేటు దాటకూడదు.

హైస్కూల్లో ఆమెను బాగా ఏడిపించారు. నల్లవాళ్ళకు వేరే బడి, వేరే పేట ఉన్న రోజుల్లో ఈ తెల్లపిల్ల బెస్సీ స్మిత్, లెడ్ బెల్లీ అనే నల్లజాతి బ్లూస్ గాయకుల రికార్డులు పెట్టుకుని గంటలకొద్దీ వాళ్ళలా పాడడం సాధన చేసేది. అప్పట్లో టెక్సాస్‌లో తాగడానికి 21 నిండాలి, సబైన్ నది దాటితే లూసియానాలో 18 చాలు. కుర్రకారు కార్లెక్కి నది అవతల వింటన్ వైపు బార్లకు పోయేవారు, అక్కడ బాజా బృందాలుండేవి. ఆమెకు సంగీతపు బడి ఇదే. బెస్సీ స్మిత్ సమాధికి ముప్పై ఏళ్ళుగా రాయి లేదని తెలిసి 1970 ఆగస్టులో రాయి పెట్టించడానికి డబ్బిచ్చిన ఇద్దరిలో జానిస్ ఒకరు. అదే నెలలో హైస్కూలు పదేళ్ళ పునస్సమ్మేళనానికి జుట్టులో ఈకలు పెట్టుకుని ఈ ఊరికొచ్చింది. అప్పటికి ఆమెకింకా రెండు నెలలు కూడా మిగల్లేదు.

పోర్ట్ ఆర్థర్ నుంచి ఆస్టిన్ 250 మైళ్ళు. అక్కడ చూడ్డానికి పెద్దగా లేదు. నార్త్ లామార్‌లో థ్రెడ్‌గిల్స్ అనే చోటు ఒకప్పటి పెట్రోలు బంకు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక కెన్నెత్ థ్రెడ్‌గిల్ ఆ కౌంటీలో మొదటి బీరు లైసెన్సు తీసుకుని అక్కడే అమ్మాడు. 1962లో విశ్వవిద్యాలయంలో చేరిన జానిస్ బుధవారం రాత్రుళ్ళు అక్కడ ఆటోహార్ప్ అనే తీగ వాయిద్యం పట్టుకుని పాడేది. పాడినవాళ్ళకు కూలి రెండు విడతల ఉచిత బీరు. తర్వాత హోటలుగా నడిచిన ఆ చోటు 2020లో మూతపడింది. 1970 జులైలో థ్రెడ్‌గిల్ పుట్టినరోజుకు జానిస్ హవాయి నుంచి విమానమెక్కి వచ్చి ఆ పెద్దాయన మెడలో పూలదండ వేసింది.

1963 జనవరిలో చెట్ హెల్మ్స్ అనే స్నేహితుడితో రోడ్డు మీద వచ్చేపోయే బండ్లు ఆపుకుంటూ కాలిఫోర్నియా చేరింది. ఈ మొదటి విడత కాలిఫోర్నియా జీవితాన్ని యాత్రల్లో అందరూ దాటేస్తారు. మేం దాటెయ్యలేదు, ఎందుకంటే దాని సాక్ష్యం సాంటా క్లారాలో ఉంది. ఇప్పుడు మన తెలుగు ఇంజనీర్లు అపార్ట్‌మెంట్లు వెతుక్కునే సాంటా క్లారాయే! 1964లో అక్కడ గిటారు వాయించే యోర్మా కౌకొనెన్ ఇంట్లో టేప్‌రికార్డర్ పెట్టి ఇద్దరూ సాధన చేశారు. పక్కన ఆయన భార్య టైప్ చేసుకుంటోంది. టేపు నిండా ఆ టకటకలు. అందుకే దానికి 'టైప్‌రైటర్ టేప్' అని పేరు, 2022లో అధికారికంగా విడుదలైంది. జానిస్ అంటే అరుపే అనుకునేవాళ్ళు ముందు వినాల్సింది ఇదే. గొంతు పగలదు, బొంగురు పోదు. బెస్సీ స్మిత్ పాటను పట్టుగా, లయ జారకుండా, మాట మాటా విడివిడిగా పలుకుతుంది. తర్వాత వచ్చిన చీలిన గొంతు ఎవరో ఇచ్చింది కాదు. విద్యుత్ గిటార్ల హోరును దాటడానికి ఈ గొంతు మీద ఆమె కట్టుకున్నది.

1965లో మత్తుమందులతో చిక్కి 40 కిలోలకు దిగిపోతే స్నేహితులు చందాలేసుకుని బస్సెక్కించి ఇంటికి పంపారు. ఏడాది బుద్ధిగా బ్యూమాంట్‌లో కాలేజీకి వెళ్ళింది. 1966 జూన్‌లో, అప్పటికి బిగ్ బ్రదర్ బృందాన్ని చూసుకుంటున్న హెల్మ్స్ కబురు మీద మళ్ళీ పడమటికి వచ్చింది. అసలు కథ మొదలయ్యేది ఇక్కడే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు వద్దు. సీటు మీద సంచి కనబడితే అద్దం పగలగొడతారు. పావెల్ స్టేషన్‌లో దిగి మార్కెట్ స్ట్రీట్ మీద 7వ నంబరు బస్సెక్కితే హైట్, ఆష్‌బరీ వీధుల కూడలిలో దింపుతుంది. అక్కణ్ణుంచి ఆష్‌బరీ ఎక్కుడు. 635 దగ్గర జానిస్ కొన్నాళ్ళుంది. ఇంకో వీధి దాటి పైకెక్కితే 710, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం ఉన్న ఇల్లు. పాత ఇళ్ళు అందంగానే ఉంటాయి కానీ మెట్ల మీద కూచోకూడదు, ఆ ఇళ్ళవాళ్ళు యాభై ఏళ్ళుగా ఇదే భరిస్తున్నారు. కిందికి దిగి రెండు వీధులు దాటితే పాన్‌హ్యాండిల్, చెట్ల మధ్య సన్నటి పార్కు. 1967లో లారీ ఎక్కి అక్కడ ఉచితంగా వాయించేవారు. బెంచీ ఖాళీగా దొరికితే 'సమ్మర్‌టైమ్' ఇక్కడే వినాలి. జార్జ్ గెర్ష్విన్ జోలపాటను రెండు గిటార్లు ఒకదాన్నొకటి అల్లుకుంటూ మొదలుపెడితే, ఆమె గొంతు సన్నటి పగులుతో లోపలికొస్తుంది. అవలాన్ బాల్‌రూమ్ సట్టర్, వాన్ నెస్ వీధుల మూలలో ఉంది, బయటనుంచి చూస్తే చాలు.

మాంటెరేకు సాన్ హోజే నుంచి 101 మీద 70 మైళ్ళు పైన. 1967 జూన్‌లో పాప్ ఫెస్టివల్ జరిగిన ఫెయిర్‌గ్రౌండ్స్ ఇప్పటికీ ఉంది. వేరే కార్యక్రమాలేవైనా ఉంటే లోపలికి పోనివ్వరు కాబట్టి ముందు ఫోన్ చెయ్యాలి. జూన్‌లోనూ సముద్రపు మంచుకు స్వెటర్ కావాలి.

బిగ్ బ్రదర్ పాడింది 17వ తేదీ, శనివారం మధ్యాహ్నం. డబ్బివ్వకుండా చిత్రీకరించడానికి వాళ్ళ మేనేజరు ఒప్పుకోలేదు. కెమెరాలు ఆగిపోయాయి. జనం గగ్గోలు చూశాక ఏం పోగొట్టుకున్నామో బృందానికి అర్థమైంది. ఆదివారం సాయంత్రం రెండే రెండు పాటల కోసం మళ్ళీ ఎక్కారు. ఆ ఫెస్టివల్ మీద తీసిన సినిమాలో ఉన్న 'బాల్ అండ్ చైన్' అదే. బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్ పాట అది. ఆమె పాడుతుండగా విని, అనుమతి అడిగి తీసుకున్నారు. మేజర్ స్కేల్లో ఉన్నదాన్ని, దిగులుగా వినిపించే మైనర్‌లోకి మార్చి, నడక తగ్గించారు. మార్పు పని చేసేది అక్కడే. గిటారు గీపెడుతూ మొదలవుతుంది, ఒక్కసారిగా ఆగుతుంది. ఆ ఖాళీలో జానిస్ దాదాపు గుసగుసగా అందుకుంటుంది. నడక అంత నెమ్మది కాకపోతే ఆ గుసగుసకు చోటుండేది కాదు. చివర్లో వాద్యాలన్నీ పూర్తిగా ఆగుతాయి, ఆమె ఒక్కతే తాళం లేకుండా, ఒక్క మాటను పట్టుకుని మన ఆలాపనలా లాగి తిప్పి విరిచి వదుల్తుంది. ఆ విరుపులో ఒక్కోసారి రెండు స్వరాలు కలిసి వినిపిస్తాయి. కెమెరా మడమ చెప్పుల్లో తొక్కుతున్న ఆమె పాదాల మీదికి దిగుతుంది. ప్రేక్షకుల్లో కూచున్న గాయని క్యాస్ ఎలియట్ నోరు తెరిచి 'వావ్' అనడం కనిపిస్తుంది, వినిపించదు. ఫెయిర్‌గ్రౌండ్స్ వరండాలో ఫోన్‌లో ఇది చూసి, తలెత్తి ఖాళీ వేదికను చూడండి. అనుకున్నదానికన్నా చాలా చిన్నది.

1968 ఆగస్టులో 'చీప్ థ్రిల్స్' వచ్చి ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. కచేరీ రికార్డులా ఉంటుంది కానీ ఎక్కువ భాగం స్టూడియోలో చేసి, జనం అరుపులు తర్వాత కలిపారు. ఆ ఏడాది చివర ఆమె బృందాన్ని వదిలేసింది. తర్వాతి బృందంలో బాకాలు ఎక్కువ, ఊపిరి తక్కువ, మా చెవికి మటుకు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఆమె పాడింది ఆ బృందంతోనే.

లాస్ ఏంజెలెస్ అరపూట పని, ట్రాఫిక్ పుణ్యమా అని రోజంతా అవుతుంది. సన్‌సెట్ బులవార్డ్‌లో సన్‌సెట్ సౌండ్ స్టూడియో, అక్కణ్ణుంచి మైలు దూరంలో ఫ్రాంక్లిన్ అవెన్యూ మీద అప్పటి లాండ్‌మార్క్ మోటర్ హోటల్. రెండూ బయటనుంచే. 1970 సెప్టెంబరులో నిర్మాత పాల్ రాత్‌చైల్డ్ 'పెర్ల్' రికార్డు చేయించాడు. అక్టోబరు 1న వాద్యం లేకుండా, కాలితో తాళం వేసుకుంటూ 'మెర్సిడెస్ బెంజ్' పాడింది, రెండు నిమిషాలు కూడా ఉండదు. మూడో తేదీన నిక్ గ్రావెనైటిస్ రాసిన 'బరీడ్ అలైవ్ ఇన్ ద బ్లూస్' వాద్యభాగం విని, మర్నాడు పాడతానంది. రాత్రి బార్నీస్ బీనరీ అనే బారులో తాగి, హోటలుకొచ్చి హెరాయిన్ ఎక్కించుకుంది. ఆ సరుకు మామూలుకన్నా చాలా ఘాటైనది. సిగరెట్లకని లాబీలో ఐదు డాలర్ల నోటు చిల్లర మార్పించుకుని 105వ గదికి వెళ్ళింది. మర్నాడు స్టూడియోకి రాలేదని వెతుక్కుంటూ వచ్చిన రోడ్ మేనేజరు జాన్ కుక్ చూసేసరికి చేతిలో నాలుగున్నర డాలర్లు అలాగే ఉన్నాయి. వయసు 27. ఆల్బమ్‌లో ఆ పాట ఇప్పటికీ గొంతు లేకుండానే ఉంది. అది వింటూ ఫ్రాంక్లిన్ నుంచి సన్‌సెట్ దాకా నడిస్తే పాట అయిపోయాక కూడా సగానికి పైగా దారి మిగిలే ఉంటుంది.

బే ఏరియాకు తిరిగొచ్చాక చివరి రోజు స్టిన్సన్ బీచ్. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 20 మైళ్ళ పైచిలుకే కానీ హైవే 1 మలుపులకు గంట పడుతుంది, కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూచోవాలి. శని, ఆదివారాల్లో పది దాటితే పార్కింగ్ దొరకదు. వానాకాలంలో కొండచరియలు విరిగి దారి మూసేస్తుంటారు, పొద్దున్నే చూసుకోవాలి. ఆమె చితాభస్మాన్ని విమానంలోంచి ఈ తీరం వెంబడి సముద్రంలో చల్లారు. గుర్తు రాయి అంటూ లేదు. తిరుగు దారిలో సాన్ ఆన్సెల్మో మీదుగా వచ్చాం. తను పోతే స్నేహితులకు విందు చెయ్యడానికని వీలునామాలో ఆమె 2,500 డాలర్లు పెట్టింది. 1970 అక్టోబరు చివర్లో ఆ ఊరి లయన్స్ షేర్ క్లబ్బులో ఆ విందు జరిగింది. ఆహ్వానపత్రం మీద తాగుడు ఖర్చు పెర్ల్‌దే అని అచ్చువేశారు, పెర్ల్ అంటే స్నేహితుల్లో ఆమె ముద్దుపేరు. ఆ క్లబ్బూ ఇప్పుడు లేదు.