సైన్సు రూం వెనక గుంట

గుంటూరు విడిచి పోలేదు గానీ, పదో తరగతి అయ్యాక మన బడి గేటు దాటి లోపలికి వెళ్లింది 2023 వేసవిలోనే. సైన్సు రూం వెనక్కి వెళ్లి చూస్తే మన నీటిగుంట ఆనవాలే లేదు. ముళ్లకంప, విరిగిన బెంచీలు, ప్లాస్టిక్ సంచులు. కంప తప్పించుకుని దగ్గరికి పోతే గుర్రపుడెక్క దట్టంగా పరుచుకుని, దాని కింద మూరెడు మురుగు నీళ్లున్నాయి. ఏడుపొచ్చింది.

మా తర్వాత చదివినవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మేం ఎనిమిదిలో ఉండగా మా సైన్సు టీచరుగారు దగ్గరుండి తవ్వించిన గుంట అది. కప్ప జీవిత చక్రం బొమ్మ గీయమని ఆవిడ మమ్మల్ని అడగలేదు. "బొమ్మెందుకురా, కప్పలనే పిలుద్దాం" అన్నారు. తొలకరికి కప్పలు నిజంగానే వచ్చాయి. గట్టున కరివేపాకు, నందివర్ధనం వేయించారు. వాటంతట అవే మొలిచిన జిల్లేడు మొక్కల్ని మాత్రం పీకనిచ్చేవారు కాదు. ఆకు తిప్పి, నారింజరంగు సీతాకోకచిలుక పెట్టిన గుడ్డు చూపించేవారు. ఆవగింజకన్నా చిన్నది.

మా బ్యాచ్ గ్రూపులో ఫొటోలు పెడితే మొదటి ఆదివారం పదకొండు మందిమి చేరాం. కొడవళ్లు, గునపాలు, గమేళాలు ఎవరివి వాళ్లే తెచ్చుకున్నారు. కంప కొట్టడానికే రెండు వారాలు పట్టింది. గుర్రపుడెక్క అంతకన్నా మొండిది. పైపైన లాగితే మళ్లీ అల్లుకుంటుంది, చిన్న ముక్క మిగిలినా చాలు. బురదలో మోకాల్లోతు దిగి ఏరాల్సి వచ్చింది. తీసిన పూడికను వెంటనే బయటికి తోలకుండా రెండు రోజులు గట్టు మీదే ఉంచాం, అందులోని నత్తలూ పురుగులూ తిరిగి నీళ్లలోకి పాకిపోవాలని.

అసలు పేచీ సిమెంటు దగ్గర వచ్చింది. అడుగున కాంక్రీటు వేసి, టైల్సు అతికించి, మధ్యలో ఫౌంటెన్ పెడితే ఖర్చంతా తనదేనన్నాడు ఒక మిత్రుడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ నిలువు గోడల తొట్టిలో పడ్డ కప్పపిల్ల పైకెలా ఎక్కుతుంది? ఆ వాదన తెగలేదు. బడిలో ముప్ఫై ఏళ్లు తోటపని చేసిన తాత వచ్చి తెగ్గొట్టాడు. "మనది రేగడి నేల బాబూ. నీళ్లు తాగితే ఉబ్బి మూసుకుంటది, ఎండితే నోరు తెరుస్తది. తడి ఆరనీకండి, అంతే." రేగడి మట్టినే తడిపి, తొక్కి, అడుగున మెత్తాం. ఒక పక్క ఏటవాలుగా వదిలాం.

దోమలొస్తాయని తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్లలోనని వాళ్లకు చెప్పాం, బడి ఆవరణలో అలాంటివన్నీ ఏరేశాం. దోమల లార్వాలను తినే గంబూసియా చేపలు వదలమని కొందరన్నారు. అవి కప్పల తోకపిల్లల్నీ తింటాయి కాబట్టి నేను ఒప్పుకోలేదు. కాలవ నుంచి పరిగలనే చిన్న చేపల్ని తెచ్చి వేశాం. తూనీగలు వాటంతట అవే వచ్చాయి. నీళ్లలో పెరిగే వాటి పిల్లలు దోమల లార్వాలను తింటాయి.

డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డాబా మీది నీళ్లన్నీ మేం పెట్టిన గొట్టం గుండా గుంటలోకే దూకాయి. తూర్పు గట్టు తెగింది. మళ్లీ కట్టాం. నీళ్లు మాత్రం నిలిచాయి.

మరుసటి తొలకరి రాత్రి వాచ్‌మన్ ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోను గుంట వైపు పెట్టాడు. బెకబెకలు! మర్నాడు అతని చేతే రికార్డు చేయించి టీచరుగారికి పంపాను. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు, కళ్లు సరిగా కనిపించవు. రెండుసార్లు విన్నారట. "రెండు రకాలున్నాయిరా, సన్నగా అరిచేది వేరే" అన్నారు. కాసేపాగి, "జిల్లేడు ఉంచారా?" అని అడిగారు.

మొదటి ఆదివారమే కంపతో పాటు దాన్నీ కొట్టేశాం. ఆ సంగతి ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వారమే రోడ్డు పక్క నుంచి రెండు జిల్లేడు కొమ్మలు తెచ్చి ప్రహరీ వారన పాతాను. ఒకటి చిగురేసింది.